ఒకే ఒక్క వీడియో కాన్ఫరెన్స్ హాలు ఉంది, అన్ని డిపార్ట్‌మెంట్లకూ అందించాలి: ముందు ఏం కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదండి. విశాఖలో ఒక యూనివర్సిటీలో మీరు సెక్షన్ ఆఫీసరు. వీడియో కాన్ఫరెన్స్ హాలు ఒకటే ఉంది, అదీ అడ్మినిస్ట్రేటివ్ బ్లాకులో. డిపార్ట్‌మెంట్ వాళ్లు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తేల్చే కమిటీ) పెట్టుకోవాలన్నా, పీహెచ్‌డీ వైవా పెట్టుకోవాలన్నా వారం ముందు లెటర్ ఇచ్చి తాళం కోసం తిరగాలి. ఇప్పుడు అన్ని శాఖలకూ, అనుబంధ కాలేజీలకూ ఆ సౌకర్యం అందేలా నోట్ పెట్టమని మీ పైవాళ్లు అడిగారు. ఇలాంటి హాళ్లు ఇంకో నాలుగు కట్టాలా, మీటింగ్ యాప్ లైసెన్సులు కొంటే సరిపోతుందా, ఏ యాప్ వాడాలి, ముందు దేనికి డబ్బు అడగాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. హాళ్లు కట్టొద్దు. లైసెన్సులు కూడా ఇప్పుడే కొనొద్దు. ముందు మీటింగ్ పెట్టే హక్కు డిపార్ట్‌మెంట్ల చేతికి ఇవ్వండి. తర్వాత ఇప్పటికే ఉన్న ప్రతి మీటింగ్ గదిలో టేబుల్ మీదకి ఒక మంచి మైకు తెప్పించండి. ఈ రెండూ అయ్యాక ఇంకేం కావాలో డిపార్ట్‌మెంట్లే మీకు చెప్తాయి.

ఈ ఊళ్లోనే ఒక విద్యాసంస్థ కంప్యూటర్ సెంటర్‌లో ఇరవై ఏళ్ల పైచిలుకు ఈ పని చేసి రిటైరయ్యాను. నేను చేరిన కొత్తలో వీడియో కాన్ఫరెన్స్ ఐఎస్‌డీఎన్ లైన్ల (డిజిటల్ టెలిఫోన్ లైన్లు) మీద నడిచేది. ఒక లైను 128 కేబీపీఎస్, మూడు కలిపితే 384. కెమెరా, కోడెక్ పెట్టె (బొమ్మనీ మాటనీ కుదించి పంపేది) లక్షల్లో ఉండేవి, వాటికి ఏసీ గది, తాళం, రిజిస్టరు, ఒక ఆపరేటరు. అంత ఖరీదైన సామాను గనక హాలు అవసరమైంది. ఇవాళ మీ అటెండర్ జేబులో ఉన్న ఫోన్ కెమెరా ఆ పెట్టె కంటే నయం. సామాను మారిపోయింది గానీ తాళం, రిజిస్టరు మాత్రం అలాగే ఉండిపోయాయి. మీ సమస్యలో సగం అదే.

మధ్యలో ఒక మాట. నోట్‌లో "వీసీ" అనే పొట్టి పేరు వాడకండి. ఒకసారి మా జూనియర్ అసిస్టెంట్ "ఉదయం నుంచి వీసీ పనిచేయడం లేదు, తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని రాసి ఫైలు పైకి పంపాడు. అది చేతులు మారి చివరికి వైస్ ఛాన్సలర్ గారి టేబుల్ మీదకే చేరింది. ఆయన నవ్వేశారు కాబట్టి సరిపోయింది.

హక్కు సంగతి. మీ యూనివర్సిటీకి సొంత డొమైన్‌తో మెయిల్ ఉందా? ఉంటే అది గూగుల్‌దో, మైక్రోసాఫ్ట్‌దో అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. విద్యాసంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే ఫండమెంటల్స్ ఎడిషన్‌లో ఒక మీటింగ్‌లో 100 మంది దాకా కూర్చోవచ్చు. రికార్డింగ్ మాత్రం ఉండదు. మైక్రోసాఫ్ట్ కూడా విద్యాసంస్థలకు టీమ్స్‌ని ఉచితంగా ఇస్తుంది. అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి, రీసెర్చ్ కమిటీకి, వైవాకి కావలసింది మీ దగ్గర ఈపాటికే ఉండొచ్చు. ఎవరూ తెరిచి చూసి ఉండరు. దాని బదులు హెడ్ గారు సొంత జీమెయిల్‌తో మీటింగ్ పెడతారు. ముగ్గురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఉంటే 60 నిమిషాలకు అది కట్. జూమ్ ఉచిత ఖాతా అయితే 40 నిమిషాలకే. సరిగ్గా సిలబస్ మీద గొడవ ముదిరిన వేళకి తెర నల్లబడుతుంది, అందరూ మళ్లీ కొత్త లింకు కోసం వాట్సాప్‌లో వెతుక్కుంటారు.

అందుకని ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ, ప్రతి సెక్షన్‌కీ పదవి పేరుతో ఒక ఖాతా ఇవ్వండి, మనిషి పేరుతో కాదు. హెడ్‌షిప్ రొటేషన్‌లో మారుతూ ఉంటుంది కదా, పదవి ఖాతా అయితే బాధ్యతలు అప్పగించే రోజున పాస్‌వర్డ్ మార్చి కొత్తవారి చేతిలో పెడితే చాలు. నేను చూసిన ఒక చోట పాత హెడ్ గారు రిటైరై అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఆరు నెలల మీటింగుల క్యాలెండర్, వైవా నోటీసులతో సహా, ఆయన సొంత ఖాతాలో ఉండిపోయింది. అక్కడ అర్ధరాత్రి ఆయన్ను లేపి ఓటీపీ అడగాల్సి వచ్చింది.

డబ్బు కట్టే లైసెన్సులు ఒకటో రెండో చాలు. వంద దాటే అకడమిక్ సెనేట్‌కి, రికార్డింగ్ తప్పనిసరైన ఒకటి రెండు మీటింగులకు. వాటిని రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంచి అవసరమైన వాళ్లకి ఆ రోజుకి ఇవ్వండి. ప్రతి ప్రొఫెసర్‌కీ ఒకటి కొంటామని అంటే ఒప్పుకోవద్దు.

ఇక మైకు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నోట్‌లలో జనం కెమెరా గురించి రెండు పేజీలు, టీవీ సైజు గురించి ఒక పేజీ రాసి మైకు ముచ్చట ఒక్క లైనులో ముగిస్తారు.

ఒక డిపార్ట్‌మెంట్‌లో జరిగింది చెప్తాను. పద్దెనిమిది మంది పట్టే పొడుగాటి టేబుల్. గోడకి పెద్ద టీవీ, దాని మీద కెమెరా, ఆ కెమెరాలోనే మైకు. పైన నాలుగు ఫ్యాన్లు. హైదరాబాద్ నుంచి ఒక ఎక్స్‌టర్నల్ సభ్యురాలు ఆన్‌లైన్‌లో ఉన్నారు. ఆవిడ గంటంపావు మర్యాదగా తలూపుతూనే ఉన్నారు. రెండ్రోజుల తర్వాత మినిట్స్ పంపితే ఫోన్ చేసి "మూడో సెమిస్టర్‌లో ఆ పేపర్ తీసేయడానికి నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?" అని అడిగారు. పాపం, ఆవిడకి ఆ గంటంపావులో వినపడింది మా ఫ్యాన్లే. మీటింగ్ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది.

దీని వెనక లెక్క చాలా చిన్నది. మాట్లాడే నోటికీ మైకుకీ దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అర మీటరు దూరంలో ఉన్న మైకుని 4 మీటర్ల అవతల గోడకి పెడితే మూడు రెట్టింపులు, అంటే 18 డెసిబెల్స్ పోయినట్టే. ఫ్యాన్ మోత మాత్రం తగ్గదు, గది నిండా అంతే ఉంటుంది. పైగా మొజాయిక్ నేల, ఖాళీ గోడలు ఉన్న మన పాత బ్లాకుల్లో మాట తిరిగి తిరిగి కొడుతుంది. ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఈ లెక్క మారదు. మే నెలలో విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్లు ఆపమని అడిగే ధైర్యం నాకైతే లేదు. కాబట్టి మైకే మనిషి దగ్గరికి రావాలి.

ఎనిమిది మంది లోపు గదికి యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ ఒకటి చాలు. గుండ్రటి చిన్న పెట్టె, టేబుల్ మధ్యలో పెడతారు, వేలల్లోనే వస్తుంది. దానిలోనే ప్రతిధ్వనిని కోసేసే ఏర్పాటు ఉంటుంది. పొడుగు టేబుల్ అయితే గొలుసులా ఒకదానికొకటి కలుపుకోగలిగినవి రెండో మూడో తీసుకోండి. కర్టెన్లు వేయించండి, గోడకి రెండు గుడ్డ నోటీసు బోర్డులు కొట్టించండి. ఈ చిల్లర పనులు చేశాక గది మాట తీరే మారిపోతుంది. చెయ్యి చప్పట్లు కొట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఒక గదికి ఒకే మైకు, ఒకే స్పీకరు అన్నది గోడ మీద రాసి పెట్టండి. ఒకే గదిలో ఇద్దరు తమ లాప్‌టాపులు తెరిచి ఆడియో ఆన్ చేస్తే కూత మొదలవుతుంది. అప్పుడు అందరూ నెట్‌వర్క్‌ని తిడతారు, నెట్‌వర్క్ తప్పేమీ ఉండదు.

నెట్‌వర్క్. భయపడినంత లేదు. ఒక గది హెచ్‌డీలో మీటింగ్ నడిపితే రెండున్నర నుంచి నాలుగు ఎంబీపీఎస్ మధ్య తింటుంది. పది గదులు ఒకేసారి నడిచినా 40 ఎంబీపీఎస్ దాటడం కష్టం. మీ క్యాంపస్‌కి నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ (విద్యా, పరిశోధన సంస్థలను కలిపే ప్రభుత్వ హైస్పీడ్ నెట్‌వర్క్) లింకు ఉంటే ఇది లెక్కలోకే రాదు. బాధ ఎక్కడంటే చివరి యాభై మీటర్లలో. పిల్లలందరూ వేలాడే వైఫై మీదే మీటింగ్ లాప్‌టాప్ కూడా వేలాడుతుంది. గదికి ఒక లాన్ వైరు లాగించండి, అంతే.

ఇంకోటి, ఫైర్‌వాల్, అంటే క్యాంపస్ నెట్‌కి కాపలా గేటు. నెట్‌లో డేటా ముక్కలు ముక్కలుగా వెళ్లడానికి యూడీపీ, టీసీపీ అని రెండు పద్ధతులున్నాయి. మాట, బొమ్మ యూడీపీ దారిన వెళ్తే ఒక ముక్క పోయినా పోనీ అని ముందుకి నడుస్తుంది. ఫైర్‌వాల్ ఆ దారి మూసేస్తే అంతా టీసీపీలోకి మళ్లుతుంది. అందులో పోయిన ముక్క తిరిగొచ్చేదాకా వెనకవన్నీ లైన్లో నిలబడతాయి, మనకి మనుషులు నోరు తెరిచి బిగుసుకుపోయినట్టు కనిపిస్తారు. మీ నెట్‌వర్క్ వాళ్లని ఈ యూడీపీ పోర్టులు (నంబర్ల వారీ ద్వారాలు) బయటికి తెరవమని అడగండి: గూగుల్ మీట్‌కి 3478, 19302 నుంచి 19309, టీమ్స్‌కి 3478 నుంచి 3481, జూమ్‌కి 8801 నుంచి 8810. నేను చూసిన "నెట్ స్లో" ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మందు, పైసా ఖర్చు లేదు.

కరెంటు విషయంలో అందరూ చేసే పొరపాటు: గదిలో యూపీఎస్ పెడతారు, వరండాలో నెట్‌వర్క్ స్విచ్‌కి పెట్టరు. కరెంటు పోయాక టీవీ దేదీప్యమానంగా వెలుగుతుంది, మీటింగ్ మాత్రం పోతుంది. బీచ్ రోడ్డు వైపు బ్లాకులైతే ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే, లాన్ జాక్‌లూ హెచ్‌డీఎంఐ కొసలూ రెండు మూడేళ్లకే చిలుము పడతాయి. విడి వైర్లు నాలుగు అదనంగా ఇండెంట్‌లో రాయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాల మీద వేలాడిన లైన్లన్నీ నేలకూలి, రోజుల తరబడి ఊళ్లో కరెంటూ ఫోన్లూ లేని సంగతి మర్చిపోలేం. అప్పట్నుంచి నేను ముఖ్యమైన గదికి రెండో దారి లేకుండా డిజైన్ ఒప్పుకోలేదు. రిజిస్ట్రార్ ఆఫీసులో వేరే కంపెనీ సిమ్‌తో ఒక 4జీ లేదా 5జీ రూటర్ సిద్ధంగా ఉండాలి.

అనుబంధ కాలేజీల దగ్గరికొస్తే, గాజువాకలో, అనకాపల్లిలో పెద్ద చిక్కు ఉండదు. పాడేరు, చింతపల్లి, అరకు వైపు కాలేజీల ప్రిన్సిపాళ్లకి వీడియో పెట్టమని పట్టుబట్టకండి. ఒట్టి మాటకి 100 కేబీపీఎస్ లోపే సరిపోతుంది. అజెండా, అనుబంధ కాగితాలు రెండ్రోజుల ముందు పీడీఎఫ్‌గా పంపి, పేజీ నంబర్లు చెప్తూ మాట్లాడితే చాలు. స్క్రీన్ మీద చూపించి "చూస్తున్నారు కదా" అని అడిగితే కొండ మీదున్నాయన ఏం చూస్తాడు? ఇంకో చిన్న విషయం: మా దగ్గర చూపు లేని ఒక లెక్చరర్ ఉండేవారు. ఆయన స్క్రీన్ రీడర్ చాట్‌లో పడ్డ ప్రతి "గుడ్ మార్నింగ్ సర్"నీ చదివి వినిపించేది, మాట్లాడేవాళ్ల మాట మీద. ఆయన అడిగాక మీటింగుల్లో చాట్ పలకరింపులు ఆపేశాం. అందుబాటు అంటే ఇది కూడా.

రూల్స్ సంగతి ముందే తేల్చుకోండి. పరికరాలన్నీ వచ్చాక మీటింగ్ చెల్లదంటే ఏం చేస్తారు? ఆన్‌లైన్‌లో హాజరైన సభ్యుణ్ని కోరంలో (మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) లెక్కపెట్టొచ్చా? రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం, దాని కింద మీ స్టాట్యూట్లు చూడాలి. స్పష్టంగా లేకపోతే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ చేత ఒక తీర్మానం చేయించండి. వైవాలకైతే 2020 ఏప్రిల్‌లోనే యూజీసీ మార్గదర్శకాలు వీడియో కాన్ఫరెన్స్‌లో జరుపుకోవచ్చన్నాయి. మిగతావాటికి మీ సొంత కాగితం కావాలి.

ఆ తీర్మానం ఎలా రాయాలో తెలీక తికమకపడితే 2013 కంపెనీల చట్టంలో 173వ సెక్షన్, దాని కింద 2014లో వచ్చిన బోర్డు సమావేశాల రూల్స్‌లో 3వ రూల్ చదవండి. అది మీకు వర్తించదు, కానీ మంచి నమూనా. మొదట్లో హాజరు పిలుస్తారు. ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, ఏ ఊరి నుంచి కూర్చున్నారో, అజెండా కాగితాలు అందాయో లేదో, తమ గదిలో సంబంధం లేనివాళ్లెవరూ లేరనీ చెప్పాలి. డ్రాఫ్ట్ మినిట్స్ 15 రోజుల్లో పంపాలి, సభ్యులు 7 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. ఇందాక చెప్పిన హైదరాబాద్ మేడమ్ లాంటి తగాదా వస్తే నిలబెట్టేది ఇదే. మా దగ్గర ఇది పెట్టాక మొదటి మీటింగ్‌లో ఒక పెద్దాయన "నా గదిలో మా ఆవిడ ఉంది, కాఫీ ఇచ్చి వెళ్లిపోతుంది" అని చాలా నిజాయితీగా చెప్పారు, అది కూడా రాసుకున్నాం.

రికార్డింగ్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రికార్డు చేసి దాచుకున్నది ఆర్‌టీఐ కింద సమాచారమే, రేపెవరో దరఖాస్తు పెడతారు. ఏ మీటింగ్ రికార్డు చేయాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరి దగ్గర ఉండాలి అన్నది తీర్మానంలోనే పెట్టండి. నా అలవాటు, రికార్డింగ్ లేకుండా నడపడం, మినిట్స్ సరిగ్గా రాయించడం. సెలక్షన్ కమిటీలూ, పరీక్షల రహస్య పనులూ అసలు ఆన్‌లైన్‌లోకి తేకపోవడమే మేలని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉంటారు.

ఏ యాప్ అన్నదాని మీద కూడా అడిగారు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ జూమ్ సురక్షితం కాదనీ, ప్రభుత్వ అధికారులు ఆఫీసు పనులకి వాడొద్దనీ సూచన ఇచ్చింది. ఆ కంపెనీ తర్వాత చాలా మార్చుకుంది గానీ, మీ ఆడిట్ వాళ్లు ఆ కాగితం తీసి చూపించకుండా ఉండరు. ఉచితంగా చేతిలో ఉన్న మీట్ లేదా టీమ్స్‌తో మొదలుపెట్టడానికి నాకు కనిపించే ఇంకో కారణం అది. సొంత సర్వర్ మీద జిట్సీ (ఉచిత ఓపెన్ సోర్స్ మీటింగ్ సాఫ్ట్‌వేర్) పెడదామని మీ కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఉత్సాహపడతారు. సాఫ్ట్‌వేర్ మంచిదే, కానీ ఆదివారం రాత్రి అది పడిపోతే లేపేదెవరో ముందు పేరు రాయించుకోండి. ఏ యాప్ అయినా లాబీ (అనుమతి ఇచ్చేదాకా బయట ఆపే ఏర్పాటు) ఆన్ చేసి, సభ్యులంతా వచ్చాక మీటింగ్ లాక్ చేయండి. లింకుని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

ఆఖర్న, మనిషి. ప్రతి గదికీ ఆపరేటర్ని ఇవ్వలేరు, ఇవ్వక్కర్లేదు కూడా. మా దగ్గర అందరికంటే బాగా నేర్చుకున్నది ఒక అటెండరు. స్పీకర్‌ఫోన్ తెచ్చిన మొదటి రోజునే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "సార్, ఈ పెట్టి ఇటు జరిపీమంటారా? ఫ్యాన్ గాలి సరిగ్గా దీని మీదే పడతంది" అన్నాడు. మేం ఇంజినీర్లం ముగ్గురం అక్కడే నిలబడి ఉన్నాం, మాకు తట్టలేదు. అతని కోసం టేబుల్ అంచుకి ఒక కార్డు అంటించాం, ఇంచుమించు ఇలా ఉండేది:

"1. ముందు టీవీ, తర్వాత గుండ్రటి పెట్టె వైరు, ఆఖర్న లాప్‌టాప్.
2. పెట్టె మీద ఎర్ర లైటు ఉంటే మాట పోదు. ఒకసారి నొక్కాలి.
3. గదిలో ఇంకెవరి ఫోనూ, లాప్‌టాపూ మాట్లాడకూడదు. ఎవరైనా సరే.
4. వినపడకపోతే వైరు పీకి మళ్లీ పెట్టు. అప్పటికీ రాకపోతే సెంటర్‌కి ఫోన్ చెయ్యి."

మూడో లైన్లో "ఎవరైనా సరే" అన్నది అతనే రాయించుకున్నాడు. ప్రొఫెసర్లకి చెప్పాలంటే వేలు పెట్టి చూపించడానికి కాగితం ఉండాలి కదా.

నోట్‌లో డబ్బు విషయం ఈ వరసలో అడగండి: ఖాతాలు (ఖర్చు లేదు), ఫైర్‌వాల్ మార్పు (లేదు), లాన్ వైర్లు, స్పీకర్‌ఫోన్లు, కర్టెన్లు, స్విచ్‌లకి యూపీఎస్, పదిమందికి ఒక పూట శిక్షణ. టీవీలు, కెమెరాలు రెండో విడతకి వదిలేయండి. జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) కొనేటప్పుడు ఏదో ఒక మోడల్ బ్రోచర్ దించి స్పెసిఫికేషన్‌గా అతికించకండి, అభ్యంతరాలు వస్తాయి. మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ మాత్రం తప్పకుండా రాయండి. మీ పాత హాల్లో ఉన్న హెచ్.323 (పాతతరం వీడియో కాన్ఫరెన్స్ పద్ధతి) పెట్టె సంగతి ఒకటుంది. గేట్‌వే లేకుండా అది మీట్‌తోనూ జూమ్‌తోనూ నేరుగా కలవదు, కాబట్టి దాని ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ ఫైలు వస్తే సంతకానికి పెట్టేముందు గత ఏడాదిలో ఎన్నిసార్లు వాడారో రిజిస్టరు తీసి చూడండి.

మొదట ఏ మూడు గదులు అనుకుంటున్నారో వాటి పొడవు వెడల్పులు, టేబుల్ పొడవు, ఫ్యాన్లు ఎన్ని, నేల ఏమిటి ఇక్కడ రాయండి. ఏ గదికి ఎన్ని మైకులు కావాలో లెక్క వేసి చెప్తాను.